చేతులు మారని గిన్నె

ఆ నూడుల్స్ కొట్టులో కూర్చుని తినడం కొత్తవాళ్లకి చేతకాదు. అసలది కొట్టు కాదు, సందు. రెండు భవనాల మధ్య ఎవరికీ పనికిరాకుండా మిగిలిపోయిన సందుకి పైన రేకు వేసి, వెనక గోడ కట్టేసి, వీధివైపు పొయ్యి పెట్టారు. లోపల ఒక గోడ పొడవునా చెక్క బల్ల, దాని ముందు పొడవాటి బెంచీ. తినేవాళ్లంతా గోడకి మొహం పెట్టి వరసగా కూర్చోవాలి. బెంచీకీ వెనక గోడకీ మధ్య పిల్లి పోవాలన్నా ఒళ్లు ముడుచుకోవాలి. ముందొచ్చినవాళ్లు లోపలి చివరికి జరగాలి. ఆఖరున వచ్చినవాళ్లకి పొయ్యి పక్క సీటు. లోపలున్నవాడు మధ్యలో బయటికి రావాలంటే వరస వరసంతా లేచి వీధిలో నిలబడాలి. అందుకని ఎవరూ మధ్యలో లేవరు.

వడ్డించే మనిషి లేడు. ఉన్నా నడవడానికి చోటు లేదు. పొయ్యి దగ్గర అక్క గిన్నె నింపి, మొదటి సీటులో ఉన్నవాళ్ల చేతికిస్తుంది. వాళ్లు పక్కవాళ్లకి, ఆ పక్కవాళ్లు ఇంకో పక్కవాళ్లకి. అలా చేతులు మారుతూ గిన్నె చివరిదాకా పోతుంది. ఏం కావాలో చెప్పడం కూడా అంతే. చివరివాడు "కారం ఎక్కువ, గుడ్డు వద్దు" అని పక్కవాడితో అంటే, ఆ మాట నోళ్లు మారి అక్క చెవిన పడుతుంది. ఖాళీ గిన్నెలు అదే దారిన వెనక్కొస్తాయి.

కొత్తవాళ్లు రకరకాలుగా ఉంటారు. ఒక జంట వచ్చి మెనూ కార్డు అడిగారు. రోజూ వచ్చే మడతపిన్ని వాళ్లకి అక్క మొహం చూపించి, అదే కార్డు, చదువుకోండి అంది. ఒకాయన తన గిన్నెని అంతమంది పట్టుకున్నారని ముక్కు చిట్లించి లేచిపోయాడు. పోనీ. ఇంకొకామె పక్కవాళ్ల గిన్నె అందుకోగానే చెయ్యి చుర్రుమని బల్ల మీద సగం ఒలకబోసింది. ఆ గిన్నెలు అంత వేడి. రోజూ వచ్చేవాళ్లకి ఆ వేడి తెలియదు.

ఎందుకు తెలియదంటే, రోజూ వచ్చేవాళ్లంతా వీధి చివరి లాండ్రీ వాళ్లు. ఆస్పత్రుల దుప్పట్లు, పక్కగుడ్డలు లారీలకి లారీలు అక్కడికే వస్తాయి. ఉతికి, పిండి, కాలే రోలర్ల మధ్య నుంచి తీసి, మడతలు పెట్టి మళ్లీ లారీ ఎక్కించాలి. రోలర్ల నుంచి వచ్చే దుప్పటి కాలిన పెనంలా ఉంటుంది. చేరిన కొత్తలో అరచేతులు బొబ్బలెక్కుతాయి. తరవాత తోలు మందమవుతుంది. ఆ తరవాత చేతులు మొద్దుబారిపోతాయి. మొద్దుబారాక పని నేర్చుకున్నట్టు లెక్క. అది నైపుణ్యం అని లాండ్రీ మేనేజరు కొత్తవాళ్లకి చెబుతుంటాడు. ఆయన చేతులు మెత్తగానే ఉంటాయి.

అక్కని అందరూ అక్కా అనే పిలుస్తారు, ఆమెకంటే పెద్దవాళ్లు కూడా. నిజంగా తోడబుట్టినవాడు ఒక్కడే, లాండ్రీలో ఫిట్టరు. యంత్రాలు బాగుచేసే పని. చిన్నప్పటి నుంచీ మాట తక్కువ మనిషి. ఫిట్టరు గది గేటు పక్కనే ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం సైరన్ మోగగానే అందరికంటే ముందు వచ్చేసి లోపలి చివర గోడకి ఆనుకుని కూర్చునేవాడు. చివరి సీటు వల్ల ఒక సుఖం ఉంది. ఎవరి గిన్నే మొయ్యక్కర్లేదు. మన గిన్నె మాత్రం అందరూ మోసుకొచ్చి ఇస్తారు.

ఆ బెంచీ మధ్యలో బండన్న చెల్లెలు కూర్చునేది. బండన్న అంటే మురికి బట్టల బండి తోసేవాడు. చెల్లెలు మూడో రోలర్ మీద పని. తన ముందు నుంచి ఏ గిన్నె పోయినా అందులోంచి ఒక్క నూడుల్ పైకి లాగి నోట్లో వేసుకునేది. ఇది టోల్ గేటు, కట్టకుండా పోనివ్వను అనేది. అందరూ తిట్టేవాళ్లు, అందరూ కట్టేవాళ్లు. ఆ పిల్ల చెయ్యి మూడో రోలర్ లాక్కుంది. కుడి చేతి వేళ్లు పోయాయి.

రోలర్ ముందు ఒక అడ్డ కడ్డీ ఉండాలి. చెయ్యి దానికి తగిలితే చాలు, యంత్రం ఆగిపోతుంది. ఏ రోలర్‌కైనా అది ఉండి తీరాలి. కాని తడి దుప్పటి ఉండచుట్టుకుని తగిలినా ఆగుతుంది. ఆగితే దుప్పట్లు తగ్గుతాయి. తగ్గితే సూపర్‌వైజరు మీద మేనేజరు అరుస్తాడు. మూడో రోలర్ కడ్డీ లేకుండా నడుస్తోందని ఆ పిల్ల అన్నతో చెప్పుకుంది. చెప్పిన వారంలోనే చెయ్యి పోయింది.

విచారణకి ప్రభుత్వం తరఫున ఒక ఆఫీసరు వచ్చాడు. మేనేజరు గదిలోనే కూర్చున్నాడు, మేనేజరు ఇచ్చిన టీ తాగాడు. ఆయన వచ్చేసరికి మూడో రోలర్‌కి కడ్డీ ఉంది, కొత్తదిలా మెరుస్తూ. ప్రమాదం నాడు ఉందా లేదా అన్నదే ప్రశ్న. సూపర్‌వైజరు ఉందన్నాడు. ఆ పిల్ల లేదంది. ప్రమాదం జరిగినప్పుడు రోలర్ పక్కన పానా పట్టుకుని నిలబడ్డ మూడో మనిషి ఫిట్టరు. అతన్ని పిలిచి అడిగారు.

"నేను చూడలేదు" అన్నాడు.

ఉందనలేదు, లేదనలేదు. చూడలేదన్నాడు. యంత్రాలు చూడటమే వాడి పని. ఆ ఒక్క మాటతో ఆ పిల్లది అజాగ్రత్త అయిపోయింది. పరధ్యానంగా చెయ్యి పెట్టుకుందని రాసుకుని ఆఫీసరు వెళ్లిపోయాడు. ఒప్పుకోం, మళ్లీ విచారణ చెయ్యండని బండన్న అర్జీ పెట్టాడు. రెండో విచారణకి తేదీ పడింది. కాని చెప్పే మనిషి లేకపోతే రెండోదైనా పదోదైనా ఒకటే.

ఫిట్టరు అక్కకి కూడా అదే చెప్పాడు, నేను చూడలేదక్కా అని. ఆమె కాయగూర తరుగుతూ వింది. నమ్మలేదు. నమ్మలేదని అనలేదు కూడా.

మర్నాడు మధ్యాహ్నం ఫిట్టరు ఎప్పటిలాగే ముందొచ్చి చివరికి జరిగి కూర్చున్నాడు. మిగతావాళ్లు వచ్చారు. అతని పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి కూర్చున్నారు. అక్క గిన్నె నింపి, తమ్ముడికి అని చెప్పి మొదటి చేతికి ఇచ్చింది. గిన్నె ఒక చెయ్యి మారింది, రెండు మారింది. మడతపిన్ని దగ్గరికి వచ్చింది. పిన్ని దుప్పట్లు మడతపెట్టే మనిషి, లాండ్రీలో అందరికంటే పాత మనిషి. గిన్నె అందుకుని తన ముందు బల్ల మీద పెట్టుకుంది. తన గిన్నె తను తింటూ కూర్చుంది.

తరవాతి గిన్నెలు వచ్చాయి. పిన్ని వాటిని మామూలుగా పక్కకి అందించింది. ఆ ఒక్కటి మాత్రం అక్కడే ఉంది. ఎవరూ ఏమిటని అడగలేదు. తీర్మానం ఏదీ జరగలేదు, పక్కకి పిలిచి చెవులు కొరుక్కోలేదు. పిన్ని పెట్టేసింది, అందరూ చూశారు, అంతే. నూడుల్స్ నీళ్లు పీల్చుకుని ఉబ్బాయి. పైన నూనె తెట్టు కట్టింది. సైరన్ మోగింది. అందరూ లేచారు, ఫిట్టరూ లేచాడు. ఖాళీ గిన్నెలతో పాటు ఆ నిండు గిన్నె కూడా అక్క దగ్గరికి వెనక్కొచ్చింది.

ఆ మర్నాటి నుంచి గిన్నె పిన్ని దాకా కూడా పోలేదు. మొదటి సీటులో ఎవరు కూర్చుంటే వాళ్లే పక్కన పెట్టేసేవాళ్లు. కోపంగా పెట్టలేదు. విరిగిన గుండీల చొక్కా పక్కన పడేసినట్టు పెట్టేవాళ్లు.

మేనేజరు భోజనం కారులో డబ్బాలో వస్తుంది. ఆ డబ్బాని ఎవరూ ఆపలేదు. అది వీళ్ల చేతుల మీదుగా పోదు. కూలివాడు ఆపగలిగింది పక్క కూలివాడి గిన్నెనే. ఇది గొప్ప విషయం అని ఎవరూ అనుకోనక్కర్లేదు. కాని చేతిలో ఉన్నది అదొక్కటే.

ఫిట్టరు రావడం మానలేదు. రోజూ వచ్చి గోడకి ఆనుకుని కూర్చునేవాడు. చేతులు బల్ల మీద పెట్టుకునేవాడు. ఎదురుగా గోడ. పక్కన వరసంతా జుర్రుకుంటున్న చప్పుడు. సైరన్ మోగితే లేచేవాడు. అక్క రోజూ అతని గిన్నె నింపేది. అది మళ్లీ దేగిసాలో పొయ్యలేదు, ఇంకొకరికి పెట్టలేదు. అందరూ వెళ్లాక కాలవలో పారబోసేది. వరసలో కొందరు అది గమనించారు.

ఒకరోజు అక్క అతన్ని వీధిలో ఆపి, ఇంటికి రారా, అక్కడ పెడతాను అంది.

"ఇంట్లో తింటూనే ఉన్నాను. మా ఆవిడ పెడుతోంది."

"మరి ఇక్కడికొచ్చి ఎవరిని సాధిద్దామని?"

"ఎవర్నీ కాదు."

"పోనీ పొయ్యి దగ్గర నిలబడు. నా చేత్తో నేనే ఇస్తాను."

"వీధిలో నిలబడి తినడానికి నేను అడుక్కునేవాణ్ణా? నా చోటు లోపల ఉంది."

"ఉందా?" అంది అక్క.

అతను పానాల సంచి భుజం మార్చుకుని వెళ్లిపోయాడు. ఏడవలేదు, అరవలేదు. ఆ రోజుల్లో అతని మొహం మీద ఏమీ కనిపించేది కాదు, తడి గుడ్డతో తుడిచేసినట్టు.

అక్క ఆలోచించకపోలేదు. నా తమ్ముడికి పోని గిన్నె ఎవరికీ పోదు, ఇష్టమైతే తినండి లేకపోతే వేరే చోటు చూసుకోండి అనొచ్చు. పొయ్యి ఆమెది, బెంచీ ఆమెది. ఆ మాట నోటిదాకా వచ్చేది. వచ్చినప్పుడల్లా బెంచీ మధ్యలో టోల్ గేటు ఖాళీగా కనిపించేది. అక్కడ ఇప్పుడెవరూ కూర్చోవడం లేదని కాదు, కూర్చుంటున్నారు. అయినా ఖాళీగానే కనిపించేది. నోరు మూసుకుని నూడుల్స్ వార్చేది.

మధ్యలో ఒక చెప్పుల కంపెనీ సేల్స్‌మన్ వచ్చాడు. ఈ సంగతులేవీ తెలియని మనిషి. మొదటి సీటు దొరికింది, పెట్టె కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. కొత్తైనా ఉషారుగా గిన్నెలు అందించడం మొదలుపెట్టాడు. వేడికి వేళ్లు ఊదుకుంటూ జోకులేశాడు. అక్క తమ్ముడి గిన్నె కూడా అతని చేతికే వచ్చింది. పక్కన ఉన్నది బండన్న. సేల్స్‌మన్ గిన్నె చాచాడు. బండన్న తన గిన్నెలోకే చూస్తున్నాడు.

ఏమండీ, పట్టుకోండి, చెయ్యి కాలుతోంది అన్నాడు సేల్స్‌మన్. బండన్న వినిపించుకోలేదు. అతను ముందుకి వంగి ఆ పక్కామెకి చాచాడు. ఆమె కూడా అంతే. ఇది ఎవరిది, ఎవరిదండీ ఇది అని వరసంతా వినబడేలా అడిగాడు. చివర గోడ దగ్గర ఫిట్టరు చెయ్యి ఎత్తలేదు. తనదని చెప్పలేదు.

"ఎవరిదీ కాకపోతే నేనే తింటాను, నాకు మొహమాటం లేదు" అని సేల్స్‌మన్ అది కూడా లాగించేశాడు. బాగుంది అన్నాడు. గుడ్డు బాగా ఉడికింది, కారం కాస్త తగ్గింది అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మూతి తుడుచుకుని వెళ్తూ వెళ్తూ, మీ కస్టమర్లు మరీ బిగుసుకుపోయి ఉన్నారమ్మా, ఎవరైనా పోయారా అని అక్కని అడిగాడు. ఎవరూ పోలేదు అని చెప్పింది.

రెండో విచారణకి ముందు రోజు ఫిట్టరు ఆలస్యంగా వచ్చాడు. రోలర్ బెల్టు తెగి ఆగిపోయాడో, కావాలనే ఆగాడో అక్కకి తెలియదు. అతను వచ్చేసరికి వరస అప్పుడే నిండింది. మిగిలింది పొయ్యి పక్క సీటు ఒక్కటే. దాని పక్కన బండన్న. ఫిట్టరు ఒక్క క్షణం వీధిలో నిలబడ్డాడు. తరవాత వచ్చి కూర్చున్నాడు.

బెంచీ మీద నమలడం లేదు, జుర్రడం లేదు. ఇంకా ఎవరికీ గిన్నె రాలేదు. ఇప్పుడు ఎవరి తిండైనా అతని చేతుల మీదుగానే పోవాలి. ఈ సంగతి అందరికీ ఒక్కసారే తట్టింది. అక్కకీ తట్టింది. గరిట పట్టుకుని కాసేపు దేగిసాలోకి చూస్తూ ఉండిపోయింది. తరవాత మొదటి గిన్నె నింపి తమ్ముడి ముందుకి చాచింది.

"మడతపిన్నికి" అంది.

ఫిట్టరు రెండు చేతులతో అందుకుని బండన్న వైపు తిరిగాడు. బండన్న గోడవైపు చూస్తున్నాడు. ఫిట్టరు గిన్నె అలాగే పట్టుకున్నాడు.

అతని చేతులు లాండ్రీవాళ్ల చేతుల్లాంటివి కావు. ఫిట్టరు చేతులకి తెలిసింది చల్లటి ఇనుము, గ్రీజు. దుప్పటి వేడి ఎరగవు. ఇన్నాళ్లూ చివర కూర్చున్నవాడు, ఒకరి గిన్నె మోసినవాడు కాదు. వేళ్లు ఎర్రబడటం అక్కకి కనిపించింది. కింద పెట్టెయ్యొచ్చు. ముందే బల్ల ఉంది. పెట్టలేదు.

అక్క రెండో గిన్నె నింపి పొయ్యి గట్టు మీద పెట్టింది. మూడోది దాని పక్కన. ఉబ్బడం మొదలయ్యాయి. వరసలో ఎవరో, అక్కా, నువ్వే చెయ్యి చాపి బండన్నకి ఇచ్చెయ్యొచ్చుగా, టైమ్ అయిపోతోంది అన్నారు. నిజమే. ఒక్క అడుగు ముందుకి వేసి, తమ్ముడి భుజం మీదుగా చెయ్యి చాపితే బండన్నకి అందుతుంది. ఇన్ని రోజులూ ఒక గిన్నె ఆగింది. ఇప్పుడు ఒక మనిషిని దాటేస్తే మిగతా అన్ని గిన్నెలూ పోతాయి.

"వరసలోనే వస్తుంది" అంది అక్క.

"ఆకలేస్తోందక్కా."

"వెయ్యనీ."

ఎవరూ లేచిపోలేదు. లేచిపోవాలంటే మొదటి సీటులో ఉన్న ఫిట్టరుని లేపాలి. లేపాలంటే అతనితో మాట్లాడాలి. అందరూ గోడకి మొహం పెట్టి కూర్చున్నారు. పొయ్యి మీద నీళ్లు కుతకుతమంటున్నాయి.

ఫిట్టరు నోరు విప్పాడు. గట్టిగా కాదు, ఏం కావాలో చెప్పేటప్పుడు చెప్పే గొంతుతోనే.

"కడ్డీ లేదు. నేనే విప్పాను. సూపర్‌వైజరు విప్పమన్నాడు, విప్పాను."

బండన్న కదల్లేదు. అతని అవతల కూర్చున్నామెకి సరిగా వినబడలేదు. ఏమంటున్నాడు అని అడిగింది. ఆ బెంచీ మీద మాట అడిగితే చెప్పాలి, అలవాటు అది. బండన్న గోడని చూస్తూనే, గుడ్డు వద్దు అన్నంత చప్పగా చెప్పాడు, కడ్డీ లేదట, తనే విప్పాడట, సూపర్‌వైజరు విప్పమన్నాడట. ఆమె పక్కామెకి చెప్పింది. ఆమె ఇంకొకరికి. కడ్డీ లేదట, తనే విప్పాడట. వరసంతా ఒక్కొక్క నోటా ఆ మాట పలికింది. ఎవరి గొంతూ పెరగలేదు. వరసలో కొందరు ప్రమాదం నాడు రోలర్ దగ్గరికి ముందుగా పరిగెత్తినవాళ్లు. ఆ పిల్ల చెయ్యి గుడ్డలో చుట్టినవాళ్లు. వాళ్లూ అంతే చప్పగా పక్కకి అందించారు.

మాట చివరనున్న మడతపిన్నిని చేరింది. ఆమె జవాబు వెనక్కి బయల్దేరింది. ఈ మాట మనకి చెప్పి ఏం లాభం, మనకి ఎప్పుడో తెలుసు, రేపు అక్కడ ఆఫీసరు ముందు చెప్తాడా, మళ్లీ నీళ్లు నములుతాడా, కనుక్కోండి. ఇంత పొడుగు మాట నోళ్లు మారేకొద్దీ తరిగిపోయింది. బండన్న దగ్గరికి వచ్చేసరికి దాని ఎముక మాత్రం మిగిలింది. దాన్ని బండన్నే అడగాలి. ఇంకెవరూ అడగడానికి లేరు. చెల్లెలి చెయ్యి పోయిన దగ్గర్నుంచి అతను ఫిట్టరుతో మాట్లాడింది లేదు.

తిరిగాడు.

"రేపు చెప్తావా?"

"చెప్తే నన్ను తీసేస్తారు."

"తీసేస్తారు."

"విప్పింది నేను. కేసు నా మీదే పెడతారు, వాడి మీద కాదు."

"పెడతారు."

ఫిట్టరు పట్టుకున్న గిన్నె అంచు నుంచి పులుసు ఒకసారి ఒలికి మణికట్టు మీద పడింది.

"చెప్తాను" అన్నాడు.

బండన్న అతని మొహాన్ని చూశాడు. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. చేతులు చాపి గిన్నె అందుకుని పక్కకి ఇచ్చాడు. ఆ గిన్నె పిన్నిని చేరేలోపే సైరన్ మోగింది. ఆమె లేచి నిలబడి రెండు ముద్దలు నోట్లో వేసుకుంది. మిగతావాళ్లు తినకుండానే లేచారు. ఆ మధ్యాహ్నం లాండ్రీలో షిఫ్టంతా ఖాళీ కడుపుతో రోలర్ల దగ్గర నిలబడింది. పొయ్యి గట్టు మీద గిన్నెలు ముద్దకట్టి మిగిలిపోయాయి. ఫిట్టరు భుజం ఎవరూ తట్టలేదు.

రెండో విచారణలో అతను చెప్పాడు. అక్కకి ఈ సంగతి బండన్న వచ్చి చెప్పాడు, పొయ్యి ముందు నిలబడి. ఆఫీసరు నమ్మలేదట. ఇన్నాళ్లూ చూడలేదన్నవాడివి, ఇప్పుడు విప్పానంటున్నావు, ఎవరు బెదిరించారు అన్నాడట. మేనేజరు అవునవును, యూనియన్‌వాళ్లు బెదిరించారు అన్నాడట. అప్పుడు ఆ పిల్ల, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది, ఒక్కటే అడిగిందట.

"విప్పిన కడ్డీ ఎక్కడ పెట్టావు?"

పానాల బీరువా వెనక, గోడకీ బీరువాకీ మధ్య అన్నాడట ఫిట్టరు. మనిషిని పంపి తెప్పించారు. దుమ్ము పట్టిన పాత కడ్డీ, మూడో రోలర్ నంబరు దాని మీదే కొట్టి ఉంది. మెరిసే కొత్త కడ్డీ ఎప్పుడు బిగించారో అప్పుడు అడగాల్సి వచ్చింది. మేనేజరు టీ తెప్పించాడు. ఈసారి ఆఫీసరు తాగలేదు.

అజాగ్రత్త అన్న మాట కొట్టేశారు. పనిలో జరిగిన ప్రమాదమని రాశారు. వేళ్లు రాలేదు. సూపర్‌వైజరుని ఇంకో ఊరి లాండ్రీకి పంపారు, అదే ఉద్యోగానికి. రక్షణ కడ్డీ విప్పినందుకు ఫిట్టరుని ఆ సాయంత్రమే తీసేశారు, కేసు కూడా పెట్టారు. అతను అనుకున్నదంతా అలాగే జరిగింది. మేనేజరు మీద ఏమీ రాలేదు. కొత్త ఫిట్టరు వచ్చాడు. కడ్డీ ఉండటం వల్ల మూడో రోలర్ ఇప్పుడు మాటిమాటికీ ఆగుతోంది. ఆగినప్పుడల్లా మేనేజరు కేకలేస్తున్నాడు. ఆ కేకలు విని ఇంకో ఫిట్టరు ఇంకో రోజు పానా తీయకుండా ఉండాలంటే ఒక్క మనిషి నోరు విప్పితే చాలదు. కాని ఆ బెంచీ మీద అప్పటికి అంతవరకే జరిగింది.

వారం దాటాక ఒక మధ్యాహ్నం అతను కొట్టుకి వచ్చాడు. సైరన్ మోగకముందే. లోపలికి పోయి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. లాండ్రీవాళ్లు వచ్చారు. ఒకరి తరవాత ఒకరు జరిగి కూర్చున్నారు, ఖాళీ వదల్లేదు. పిన్ని అతని పక్కకి వచ్చింది.

"ఉద్యోగం లేనివాడివి, ముందొచ్చి మా చోటు ఆక్రమిస్తావేంట్రా? ఆఖర్న రాలేవూ?"

"ఆఖర్న వస్తే మీ గిన్నెలన్నీ నేనే మొయ్యాలి పిన్నీ."

"మొయ్యి. చేతులు అరిగిపోతాయా?"

అక్క గిన్నె నింపింది. తమ్ముడికి అనలేదు, ఎవరికని ఎవరూ అడగలేదు. మొదటి సీటులోంచి కదిలింది. బండన్న దగ్గరికి వచ్చింది. అతను పక్కామె మాట వింటూనే గిన్నె అందుకుని, వింటూనే అవతలికి అందించాడు. దాని వైపు చూడను కూడా లేదు. గిన్నె పిన్ని చేతిలోంచి ఫిట్టరు ముందు దిగింది.

అతను తినడం మొదలుపెట్టాడు. మెల్లగా తిన్నాడు. రుచి తెలిసిందో లేదో మొహం చూస్తే తెలియలేదు. అతను సగంలో ఉండగా సైరన్ మోగింది. అందరూ ఒక్కసారిగా లేచారు. ఖాళీ గిన్నెలు చకచకా చేతులు మారి పొయ్యి దగ్గరికి వచ్చాయి. బెంచీ చివరి నుంచి పిన్ని, మధ్యలో నుంచి బండన్న, అందరూ ఒకరి వెనక ఒకరు వీధిలోకి వచ్చి గేటువైపు నడిచారు. ఫిట్టరు కూడా అలవాటు కొద్దీ సగం లేచాడు.

"కూర్చో" అంది అక్క. "నిన్ను లేవమనేవాళ్లు లేరు."

కూర్చున్నాడు. పొడవాటి బెంచీ మీద ఒక్కడే, గోడకి మొహం పెట్టి. అక్క గిన్నెలు తోముకుంటోంది. చాలాసేపటికి అతను తినడం అయింది. ఖాళీ గిన్నె పక్కకి చాచాడు. అందుకోవడానికి ఎవరూ లేరు. లేచి తనే పట్టుకొచ్చి ఇచ్చాడు. ఆమె తీసుకుని నీళ్లలో వేసింది.